ఏడింట ఒక దినం: తెలుగు క్రైస్తవుల ఆరాధన చరిత్రలో ఒక అధ్యాయం

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణానికి ఆనుకొని విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ ఉంది. నేటి పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని బీర్‌సింహ గ్రామంలో 1820లో జన్మించిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుని స్మృతికి చిహ్నంగా ఆ పేరు పెట్టారు. ఆధునిక కర్మాగారాల నియమావళిలో వారపు సెలవు ఒక చిన్న వాక్యం మాత్రమే. దానిని చదివి ఆశ్చర్యపడే కార్మికుడు ఎవరూ ఉండరు. వారానికి ఒక దినం మనిషి తన పనికి కాక తనకే చెందుతాడన్న భావన మనకు అంత సహజమైపోయింది.

ఖరగ్‌పూర్ తెలుగువారికి పరాయి పట్టణం కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ఇక్కడ పెద్ద కర్మాగారాన్ని నెలకొల్పింది. నాటి విశాఖపట్నం జిల్లా నుండి, గంజాం సీమ నుండి తెలుగు కుటుంబాలు ఉపాధికై తరలివచ్చాయి. ఈనాటికీ ఆ పట్టణపు వీథులలో, అంగళ్ళలో తెలుగు వినిపిస్తుంది. ఆ కుటుంబాలలో క్రైస్తవులూ ఉన్నారు. వారికి ఆదివారం కేవలం విరామ దినం కాదు, ఆరాధన దినం. ఈ రెండు అర్థాలూ ఒకే దినంలో ఇమిడి ఉండటం వెనుక ఒక చరిత్ర ఉంది. ఏడింట ఒక దినం మాది అని చెప్పినందుకు దెబ్బలు తిని, పస్తులుండి, ఆ మాట విడువని నిరుపేద తెలుగువారి కథ అది. ఆ కథాస్థలం ఒంగోలు ప్రాంతం. కాలం పందొమ్మిదవ శతాబ్ది మూడవ పాదం.

వంగదేశపు అచ్చు, తెలుగు కీర్తన

తెలుగు క్రైస్తవానికి వంగదేశంతో ఉన్న సంబంధం రైలు కంటే పాతది. విశాఖపట్నంలో అగస్టస్ డెస్ గ్రాంజెస్, ఆనందరాయరు కలిసి చేసిన సువార్తల అనువాదం హుగ్లీ తీరంలోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది. అదే ముద్రణాలయంలో 1812 మార్చి 11న జరిగిన అగ్నిప్రమాదంలో తెలుగు అచ్చులు, వ్రాతప్రతులు కాలిపోయాయి. విలియం కేరీ బృందం మళ్ళీ మొదటినుండి పని ప్రారంభించి 1818లో తెలుగు కొత్త నిబంధనను వెలువరించింది.

ఈ సంబంధానికి ప్రతీకగా నిలిచిన వ్యక్తి పురుషోత్తమ చౌదరి. వంగదేశం నుండి వచ్చి పర్లాకిమిడి ప్రాంతంలో స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబంలో ఆయన 1803లో జన్మించాడు. 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. ఆ నిర్ణయానికి ప్రతిఘటన మొదట ఆయన ఇంటిలోనే ఎదురైంది. 1890లో మరణించే వరకు ఆయన రచించిన కీర్తనలు తెలుగు క్రైస్తవుల ఆరాధనకు దేశీయమైన రాగతాళాలను సమకూర్చాయి. పరాయి దేశపు మతమన్న విమర్శకు ఆ కీర్తనలు వాదం లేకుండానే సమాధానమిచ్చాయి.

చౌదరి విద్వాంసుడు. ఆయన ఎదుర్కొన్న కష్టం కుటుంబానికి, కులానికి సంబంధించినది. అందుకు భిన్నంగా, చదువు గాని భూమి గాని లేనివారు, ఊరి దయ మీద బ్రతికేవారు తమ ఆరాధన కోసం నిలబడవలసివస్తే ఏమవుతుంది? ఆ ప్రశ్నకు సమాధానం ఒంగోలు పల్లెలలో దొరుకుతుంది.

తాళ్లకొండపాడు పెరయ్య

అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో 1840లో పని ప్రారంభించారు. ఫలితం స్వల్పంగా ఉండటంతో ఆ మిషన్‌ను మూసివేయాలన్న ఆలోచన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. పటంలో ఒంటరిగా కనిపించే ఈ కేంద్రానికి 1853లో ‘ఒంటరి నక్షత్రం’ అన్న పేరు పడింది. 1854 నూతన సంవత్సర దినాన తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు క్రైస్తవులతో కలిసి ఒంగోలు పక్కనున్న కొండపై ప్రార్థన చేశారు. జాన్ క్లౌ అనే యువ మిషనరీ 1865లో భారతదేశానికి వచ్చి, మరుసటి సంవత్సరం ఒంగోలు చేరుకున్నాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది.

అయితే ఈ చరిత్రకు అసలైన ఆరంభం మిషనరీ బంగళాలో లేదు. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పెరయ్య అనే మాదిగ గృహస్థులో ఉంది. పెరయ్య అంతకుముందే గురువులను ఆశ్రయించి యోగసాధన చేసినవాడు. తోళ్ళ వ్యాపారం మీద ఉత్తర దిక్కుకు వెళ్ళినప్పుడు ఏలూరు ప్రాంతంలో క్రైస్తవ బోధ విన్నాడు. వెదుకుతున్నది దొరికిందన్న తృప్తితో స్వగ్రామానికి వచ్చి తనవారికి చెప్పడం మొదలుపెట్టాడు. 1866లో ఆయన, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం పొందారు. 1867 జనవరిలో క్లౌ ఆ ఊరికి వెళ్ళేసరికి పెరయ్య మాట విని సిద్ధపడినవారు చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చి ఎదురుచూస్తున్నారు. చింతతోపులో జరిగిన ఆ సమావేశాల అనంతరం 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఒంగోలులో ఇది వెంటనే సంక్షోభానికి దారితీసింది. అంతవరకు మిషన్ పాఠశాలకు పిల్లలను పంపుతున్న అగ్రవర్ణాలవారు మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలను మానిపిస్తామన్నారు. రెండింటిలో ఒకటి ఎంచుకోక తప్పని పరిస్థితి ఏర్పడింది. లోకంలో ఎన్నికలేనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న పౌలు లేఖలోని భాగం క్లౌకు, ఆయన భార్య హారియెట్‌కు ఒకే సమయంలో వేరువేరుగా కంటబడిందని ఆయన తరువాత వ్రాసుకున్నాడు. ఆయన మాదిగల పక్షాన నిలిచాడు. పాఠశాల దాదాపు ఖాళీ అయింది.

మూడు నియమాలు

కొత్తగా విశ్వసించినవారికి పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయరాదు. చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. విగ్రహారాధన చేయరాదు. చెప్పుకోవడానికి ఇవి మూడు వాక్యాలు. ఆచరించడానికి పూనుకుంటే గ్రామజీవనపు మూలస్తంభాలు కదిలాయి.

నాటి పల్లెలో మాదిగ వృత్తి ఊరి ఆర్థిక వ్యవస్థలో ఒక తప్పనిసరి అంగం. చనిపోయిన పశువును తొలగించాలి, తోలు ఊనాలి, మోట బొక్కెనకు తోలు తిత్తి కుట్టాలి, చెప్పులు, వారులు, పగ్గాలు సిద్ధం చేయాలి. కోతలలో, కళ్ళంలో పనిచేయాలి. ఊరి జాతరలో, గ్రామదేవత కొలుపులో డప్పు కొట్టాలి. అధికారులు వస్తే మూటలు మోయాలి. ఇందుకు ప్రతిఫలం నెల జీతం కాదు. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు దక్కే కొద్దిపాటి వాటా, చచ్చిన పశువు మీద హక్కు. వెట్టి అంటే ఇదే. పిలిచినప్పుడు వెళ్ళడం తప్ప ఈ పనికి వేళ లేదు, విరామం లేదు.

మూడు నియమాలూ ఈ ఏర్పాటును మూడు చోట్ల తాకాయి. విగ్రహారాధన మానడమంటే జాతరలో డప్పు ఆగిపోవడం. చచ్చిన గొడ్డు తినకపోవడమంటే కూలికి బదులు దక్కే తిండిని కాదనడం. ఆదివారం పని మానడం అన్నిటికంటే తీవ్రమైనది. ఎందుకంటే పిలిచినప్పుడు రాననే అధికారం వెట్టివానికి ఉంటుందని అప్పటివరకు ఎవరూ ఊహించలేదు.

ఒక విషయం ఇక్కడ గమనార్హం. అమావాస్యనాడు అరక కట్టరాదన్న ఆచారం తెలుగు పల్లెల్లో చాలాచోట్ల ఉంది. ఆ దినం ఎద్దుకు విశ్రాంతి. ఊరి పంచాంగంలో కాడి ఎద్దుకు దొరికిన ఆ విరామం వెట్టి మనిషికి దొరకలేదు. ఆదివారం కోసం మాదిగలు చేసిన విజ్ఞప్తిని ఈ వెలుగులో చూస్తే, అది ఒక మతాచారం పాటించడానికి అనుమతి కోరడం మాత్రమే కాదు. కాలంలో కొంత భాగం తమదని తొలిసారిగా ప్రకటించడం.

ఊరి కట్టుబాటు

ఊరి పెద్దలు ఈ ప్రకటనను సరిగానే అర్థం చేసుకున్నారు. కనుకనే ప్రతిక్రియ కఠినంగా వచ్చింది. క్రైస్తవులను నీటి రేవులకు, బావులకు రానీయరాదని కట్టుబాటు చేశారు. అంగడివాడు వారికి ఉప్పు, పప్పు అమ్మరాదన్నారు. కోతలలో పని ఇవ్వలేదు, కళ్ళంలో రావలసిన వాటా ఇవ్వలేదు. పశువులను బీడులోకి తోలనీయలేదు. డప్పు కొట్టనన్నవానిని కొట్టారు. కరణం, మునసబు వంటి గ్రామాధికారులు తమ పలుకుబడిని వినియోగించి తప్పుడు అభియోగాలు మోపించిన సందర్భాలూ ఉన్నాయి. క్లౌ ఈ బాధితుల పక్షాన జిల్లా అధికారులకు విన్నవించుకున్నాడు, న్యాయస్థానాలనూ ఆశ్రయించాడు.

హింసను ఒక మతం మరొక మతంపై చేసిన దాడిగా మాత్రమే చిత్రిస్తే చరిత్రకు న్యాయం చేసినట్లు కాదు. పెద్దలకు కోపం తెప్పించింది క్రీస్తు నామం కంటే ఆగిపోయిన మోట, ఎత్తని కళేబరం, మ్రోగని డప్పు. యోగుల శిష్యులుగా, రామానుజ సంప్రదాయపు భక్తులుగా ఇదే మాదిగ కుటుంబాలు అంతకుముందు కొత్త గురువులను ఆశ్రయించినప్పుడు ఊరు ఇంతగా అడ్డుచెప్పలేదు. ఆ భక్తి రాత్రివేళల భజనలో, గురువు పాదాల వద్ద సాగేది. పగటి పనికి ఆటంకం కలిగించలేదు. మనసులో విశ్వాసం ఎంత మారినా ఊరికి బాధ లేదు. ఆ విశ్వాసం ఒక దినాన్ని అడిగినప్పుడే వైరం పుట్టింది.

ఆ దినాన వారు చేసినది ఏమిటి? గుడి లేదు, గంట లేదు. చదువగలిగినవాడు పల్లెకు ఒకడుంటే అదృష్టం. చెట్టు క్రింద కూర్చొని, కంఠస్థం చేసిన వాక్యాలను ఒకరు చెప్పగా పదిమంది వల్లించడం, తెలిసిన బాణీలో కీర్తన పాడటం, ప్రార్థించడం. ఇంతే. ఈ పాటి ఆరాధన కోసం నీటి రేవును, కళ్ళపు వాటాను వదులుకున్నారు. వాళ్ళలో వెనుకడుగు వేసినవారు లేకపోలేదు. ఆకలి గొప్ప వాదన. అయినా పెరయ్య వంటివారు పల్లె నుండి పల్లెకు నడిచి, ధైర్యం చెప్పి, సంఘాలను నిలబెట్టారు. ఈ ఉద్యమ వృత్తాంతం మనకు ఎక్కువగా మిషనరీల రచనల ద్వారానే అందింది. వారిలో ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగ పెద్దల నోటి వెంట విని సేకరించి 1899లో ప్రచురించిన కథనాలు ఆ కొరతను కొంత తీర్చుతాయి.

కరవు పెట్టిన పరీక్ష

1876 నుండి 1878 వరకు దక్షిణ భారతాన్ని పీడించిన మహాక్షామం ఈ నిష్ఠకు మరొక రకమైన పరీక్ష పెట్టింది. కరవు పనులలో భాగంగా ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువను తవ్వించింది. క్లౌ అందులో మూడున్నర మైళ్ళ పనికి గుత్త తీసుకున్నాడు. తెలుగు బోధకులే మేస్త్రీలుగా జనాన్ని కూర్చి పని చేయించారు. ఒకేసారి వేలమంది అక్కడ కూలి పొంది బ్రతికారు. పగలు మట్టి మోసి, సాయంకాలం బోధ విన్నారు.

బాప్తిస్మం కోరేవారు తామరతంపరగా పెరిగారు. కాని క్లౌ పదిహేను నెలల పాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదన్నది ఆయన సంకల్పం. కరవు సడలి, ధాన్యం పంచడం ముగిసి, జనం ఇళ్ళకు చేరారు. అప్పుడు కూడా వారు తమ కోరికను విడువలేదు. 1878 జూలై మొదటివారంలో ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ తీరంలోని వెల్లంపల్లిలో వారు గుమికూడారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. మూడు దినాలలో మొత్తం 3,536 మంది. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నదిలో నిలిచి వంతులవారీగా ఈ కార్యం నిర్వహించారు. ఆ సంవత్సరాంతానికి సంఖ్య 9,606కు చేరింది.

క్రైస్తవ ప్రపంచంలో ఈ సంఖ్యలు గొప్ప సంచలనం కలిగించాయి. చరిత్రకారునికి సంఖ్య కంటే క్రమం ముఖ్యం. ఈ జనసమూహానికి పదేళ్ళు ముందుగానే తాళ్లకొండపాడు వంటి పల్లెలలో, తిండి దొరికే ఆశ ఏ కోశానా లేనప్పుడు, దొరుకుతున్న తిండినే పోగొట్టుకొని ఆరాధన నిలిపినవారు ఉన్నారు. బియ్యం కోసం వచ్చిన క్రైస్తవులన్న ఎత్తిపొడుపు తెలుగునాట తరచుగా వినిపించేది. ఆ మాటకు సమాధానం 1878 లెక్కలలో కంటే 1867 తరువాతి పస్తులలో ఎక్కువ స్పష్టంగా ఉంది.

సముద్రం దాటిన ఆదివారం

1860 నవంబరులో ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుండి తొలి ఒప్పంద కూలీలను దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు చేర్చింది. తరువాతి దశాబ్దాలలో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుండి, ఉత్తరాంధ్ర నుండి తెలుగువారు అనేకులు చెరకు తోటలకు, తేయాకు తోటలకు వెళ్ళారు. వారిలో బాప్టిస్టులూ ఉన్నారు. పాస్టరు లేకపోయినా వారు తమలో తాము కూడుకొని ఆరాధన సాగించారు. తమకొక కాపరిని పంపవలసిందిగా స్వదేశానికి కబురుపెట్టారు.

తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషనరీ సొసైటీ 1903లో నెల్లూరుకు చెందిన జాన్ రంగయ్యను నేటాల్‌కు పంపింది. ఆ సంవత్సరం డిసెంబరులో కియర్స్నీ తేయాకు తోటలో తొలి తెలుగు బాప్టిస్టు సంఘం వెలసింది. అంతకు నాలుగు దశాబ్దాల ముందు మూతపడవలసి ఉండిన మిషన్ తాలూకు ప్రజలు, తమ చందాలతో తమలో ఒకరిని సముద్రం దాటించి పంపగలిగారు. వెట్టిలో ఉన్నా, ఒప్పంద కూలీలో ఉన్నా ఆ జనం వెంట తీసుకుపోయిన ఆస్తి ఒక్కటే: ఏడింట ఒక దినం, ఆ దినాన పాడుకునే కీర్తన.

శాసనమైన దినం

ఒంగోలు పల్లెలలో శిక్షార్హమైన ఈ కోరిక కాలక్రమాన శాసనంగా మారింది. అయితే ఆ మార్పుకు కారకులు వేరు, మార్గం వేరు. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే సాగించిన ఉద్యమ ఫలితంగా 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారపు సెలవుకు అంగీకరించారు. జోతీరావు ఫూలే అనుచరుడైన లోఖండే ఆదివారాన్ని కోరడానికి చెప్పిన కారణాలలో ఒకటి, అది ఖండోబా దేవుని దినమని! ఒంగోలు మాదిగ క్రీస్తు ఆరాధన కోసం కోరిన దినాన్నే బొంబాయి కార్మికుడు ఖండోబా దర్శనం కోసం కోరాడు. దైవం వేరైనా అడిగినది ఒకటే.

1891 నాటి ఫ్యాక్టరీల చట్టం కార్మికులకు వారపు సెలవును గుర్తించింది. పరిశ్రమలలో వారపు విశ్రాంతిపై 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ఒడంబడికను భారతదేశం 1923లో ధ్రువీకరించింది. 1930లో రైల్వే చట్టానికి వచ్చిన సవరణ రైల్వే ఉద్యోగుల పని గంటలను, వారపు విశ్రాంతిని నిర్దేశించింది. ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణాల జీవితాన్ని ప్రత్యక్షంగా తాకిన శాసనమిది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారంలో మొదటి దినాన్ని, అంటే ఆదివారాన్ని, సెలవు దినంగా పేర్కొని, మినహాయింపులకు నియమాలు విధించింది.

ఇక స్వతంత్ర భారత రాజ్యాంగం 1950లో ఈ కథలోని మూడు సూత్రాలనూ మూడు అధికరణాలలో పొందుపరచింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దుచేసింది. 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 25వ అధికరణం తన అంతరాత్మ ప్రకారం మతాన్ని విశ్వసించి, ఆచరించే స్వేచ్ఛనిచ్చింది. పుస్తకంలో ఇవి వేరువేరు వాక్యాలు. ఒంగోలు పల్లెలో మాత్రం ఇవి ఒకే మనిషి మీద ఒకేసారి పడిన ఒకే దెబ్బకు మూడు పేర్లు. ఊరి కాడి దించుకోలేనివానికి చెట్టు క్రింద ప్రార్థించే స్వేచ్ఛ ఉన్నా లేనట్లే. ఆరాధనా స్వాతంత్ర్యాన్ని ఆలోచించేటప్పుడు దానిని మనసుకు సంబంధించిన హక్కుగా మాత్రమే భావించడం పరిపాటి. ఆ హక్కుకు వేళ కావాలి, నీరు కావాలి, కూలి నిలవాలి, కూడుకోవడానికి ఒక చోటు కావాలి. ఈ సత్యాన్ని ఒంగోలు మాదిగలు గ్రంథాలు చదివి కాక అనుభవించి తెలుసుకున్నారు.

ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాలు అధికంగా ఉత్తరాంధ్ర నుండి వచ్చినవి. ఒంగోలు పెరయ్యకు, వారికి రక్తసంబంధం వెదకనవసరం లేదు. సంబంధం మరొకటి ఉంది. శ్రీరాంపూర్‌లో కాలిన అచ్చులను తిరిగి పోసి వేసిన తెలుగు పుస్తకం, వంగదేశపు మూలాలున్న పురుషోత్తముడు తెలుగులో కట్టిన కీర్తన, ఒంగోలు పల్లెలు నిలబెట్టిన ఆదివారం, ఇవి తెలుగు క్రైస్తవులందరికీ ఉమ్మడి వారసత్వం. క్రైస్తవేతరులకు కూడా ఇందులో భాగముంది. కర్మాగారంలో విరామ దినాన ఒకరు దేవాలయానికి పోవచ్చు, ఒకరు ప్రార్థనకు పోవచ్చు, ఒకరు పిల్లలతో ఇంటిపట్టున ఉండవచ్చు. ఆ దినం తనదేనని వారందరూ నిశ్చింతగా భావిస్తారు. ఆ నిశ్చింత ఒకనాడు ఎంత ఖరీదైనదో చెప్పే సాక్ష్యం గుండ్లకమ్మ తీరపు పల్లెలలో ఉంది. పిలుపు వచ్చినా లేవకుండా, చెట్టు క్రింద కూర్చొని కీర్తన పూర్తిచేసిన ఆ నిరక్షరాస్యుల ఋణం మన శాసన గ్రంథాలలో ఎక్కడా నమోదు కాలేదు. చరిత్ర రచనలోనైనా దానికి స్థానం దక్కడం న్యాయం.